ఎవరది, అరుస్తున్నది?

రెండు పాయింటు ఒకటి నాలుగు. కళ్ళు మూసి తెరిచాను, అదే అంకె. మళ్ళీ చూశాను. చివరి అంకె నాలుగుకీ మూడుకీ మధ్య ఊగింది, గడపలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయించే చుట్టంలా, చివరికి నాలుగు దగ్గరే ఆగింది. పొద్దున్న తొమ్మిదింటికి ఇదే వోల్టుల మీటరు రెండు ముప్పై ఒకటి చూపించింది. నిన్న సాయంత్రం రెండు ముప్పై ఐదు. అంటే నిన్నంతా నడిచి వచ్చింది, ఇవాళ పరిగెత్తుతోంది. ముసలి సెల్లు అంతే, ఏళ్ళ తరబడి ఏమీ కానట్టే ఉంటుంది, చివర్లో కొండ దిగే బండిలా ఇక పట్టుకోవడానికి ఉండదు. బల్ల మీద పచ్చటి కార్డు, అరచేతి కన్నా కాస్త పెద్దది, ఆరంతస్తుల భవనంలో తిరిగే లిఫ్టుకి బుర్ర అదే. దాని నడుమ ఇనుప మూత, మూత మీద కంపెనీ వాడి వెండి స్టిక్కరు, ఒక మూల చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దదిగా బిళ్ళ సెల్లు. ఆ సెల్లు రెండు కాళ్ళకూ మీటరు తీగలు తగిలించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ అంకె రెండుకి కిందికి దిగిందా, మూత కిందున్న చిప్పు తనకు తెలిసిందంతా మరిచిపోతుంది. దానికి తెలిసింది ఒకటే సంగతి. నలభై ఒక్క రోజుల కిందట ఒక పొద్దున్న ఆరో అంతస్తులో తలుపు తెరుచుకుంది, పిల్లల నోటు పుస్తకాల సంచీ భుజాన వేసుకున్న పంతులమ్మ రోజూ వేసినట్టే అడుగు వేసింది, అక్కడ లిఫ్టు లేదు. ఎందుకు లేదో ఈ కార్డుకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళు ఇద్దరున్నారు, కంపెనీ ఒకటి చెబుతుంది, జైల్లో ఉన్న మెకానిక్కు ఇంకొకటి చెబుతాడు.

ఆ పొద్దున్నే మెకానిక్కు ఆ లిఫ్టుకు సర్వీసు చేసి వెళ్ళాడు. తలుపు తాళం పని చేయకపోతే లిఫ్టు కదలకూడదు, అది కట్టుబాటు. పని తొందరలో తాళాన్ని తప్పించి ఒక తీగ ముక్కతో కలిపాడు, తీయడం మరిచిపోయాడు, ఒక ప్రాణం పోయిందని కంపెనీ అంటుంది. తీగ ముక్కా లేదు, ఏమీ లేదు, ఆ తలుపు మూడు నెలలుగా తప్పు చూపిస్తోంది, నేను చెప్పినప్పుడల్లా మీ ఆఫీసులో కూర్చుని అక్కణ్ణుంచే మీట నొక్కి తప్పును చెరిపేసి లిఫ్టును తిప్పారు అని అతను అంటాడు. తప్పు ఎన్నిసార్లు పడిందో, ఎవరు ఎప్పుడు చెరిపారో, గంటా నిమిషంతో సహా కార్డులో ఉంటుంది. ఆ చిట్టా ఒక్కటి చదివితే ఎవరి నోరు మూతపడాలో వాళ్ళ నోరు మూతపడుతుంది. చదవడానికి కావలసిన తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంది. ఇవ్వరు. వ్యాపార రహస్యమట. పోనీ మూత ఊడదీసి నేనే చిప్పుకు తీగలు తగిలించి చదువుకుంటానంటే, తాళం వేసిన సాఫ్ట్‌వేరును బద్దలు కొట్టడం నేరమని చట్టం ఉందట, లిఫ్టు కొన్నది భవనం వాళ్ళే గానీ అందులో ఆలోచన మాత్రం కంపెనీదేనట. మా దగ్గరికే పంపండి, మా ఇంజనీరే చదివి, మేమే రాసిస్తామన్నారు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే వినడమే గానీ, దాన్ని అఫిడవిట్టులో రాసి సంతకం పెట్టి కోర్టులో ఇవ్వడం ఈ ఫోరెన్సిక్ ఉద్యోగంలో చేరాకే చూశాను. అప్పుడు కోర్టు మధ్యే మార్గమని ఒక ఉత్తర్వు ఇచ్చింది. విప్పకుండా పరీక్షించవచ్చు. బయటి కరెంటు ఏదీ కలపరాదు. కంపెనీ మనిషి ఎదురుగా ఉండాలి. మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలి. తదుపరి విచారణ దాకా యథాతథ స్థితి కొనసాగించాలి. విప్పకుండా పరీక్షించు! మా నాన్న కాలిన మోటార్లకు తీగ చుట్టేవాడు, చుట్టుపక్కల పొలాల్లో ఏ మోటారు కాలినా బండి మీద మా ఇంటికే వచ్చేది, నీళ్ళు లేకుండా తిప్పావా, వోల్టేజీ చాలక కాలిందా అని రైతు నోరు తెరవకముందే లోపలి తీగ వాసన చూసి చెప్పేవాడు. కానీ విప్పి చెప్పేవాడు. విప్పకుండా చెప్పేవాడు మెకానిక్కు కాదమ్మా, జోస్యుడు అనేవాడు. ఇరవై మూడేళ్ళ ఉద్యోగం తర్వాత నేను జోస్యురాలినయ్యాను నాన్నా. అంకె చూస్తూ కూర్చుంటాను, అంతే నా పని.

రెండు పాయింటు ఒకటి రెండు. గోడ గడియారంలో రెండూ నలభై. మధ్యాహ్నం కోర్టు మొదలై పది నిమిషాలయింది. ఇవాళ్టి వాయిదాలో మా పిటిషను మూడో నంబరని ప్రభుత్వ లాయరు పీపీ గారు పొద్దున ఫోనులో చెప్పారు. సెల్లు చచ్చిపోతోంది, కనీసం బయటి కరెంటు కలపనివ్వండి అన్నదే ఆ పిటిషను సారాంశం, తక్కిన పద్నాలుగు పేజీలూ మర్యాద. మూడో నంబరంటే మూడున్నర లోపు వచ్చేస్తుందమ్మా, ఫోను పక్కనే పెట్టుకో అన్నారు. పెట్టుకున్నాను. కార్డుకు కుడివైపు ఫోను, ఎడమవైపు కరెంటు ఇచ్చే సప్లై పెట్టె. సప్లై పెట్టె తిప్పి మూడు వోల్టుల దగ్గర పెట్టి ఉంచాను, ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు బల్ల అంచున వేలాడుతున్నాయి. అనుమతి వచ్చిన మరుక్షణం సెల్లు పక్కనే తగిలిస్తే, చచ్చే సెల్లు చచ్చినా చిప్పుకు ఊపిరి ఆడుతుంది. రెండు క్లిప్పులు. పసిపిల్ల చేయగల పని. మా చిన్నప్పుడు రేడియోలో సెల్లు అయిపోతే పాట బొంగురుపోయి సాగి సాగి ఆగిపోయేది, మార్చేస్తే మళ్ళీ పాడేది. ఇది అలా కాదు. ఇది ఒక్కసారి ఆగితే మళ్ళీ సెల్లు వేసినా పాత పాట రాదు.

ఎదురుగా కంపెనీ మనిషి కూర్చున్నాడు. కంపెనీ మనిషంటే ఎవరో కాదు, మా గోళ్ళరాజు. ఆ పేరు పెట్టింది లక్క బాబాయి. లక్క బాబాయి మా లాబొరేటరీలో అటెండరు, ఏ వస్తువు వచ్చినా సంచిలో పెట్టి కుట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి ముద్ర వేసేది ఆయనే, నేను ముద్ర వేస్తే యముడు కూడా అర్జీ పెట్టుకుని విప్పుకోవాలమ్మా అంటుంటాడు. గోళ్ళరాజు నా దగ్గర తొమ్మిదేళ్ళు పని చేశాడు. నేను నేర్పిన పనితోనే మంచి ఉద్యోగం వచ్చి ఐదేళ్ళ కిందట లిఫ్టుల కంపెనీకి వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళూ అక్కా అన్నవాడు ఇవాళ గదిలోకి రాగానే నమస్కారం మేడం అన్నాడు, కళ్ళతో కెమెరా వైపు చూపించి. సరేలెండి సార్, కూర్చోండి అన్నాను నేను కూడా, లక్క బాబాయి తలుపు దగ్గర నిలబడి, ఏరా గోళ్ళరాజూ, పెళ్ళివారిలా మర్యాదలు జరుగుతున్నాయే అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాటకు వాడు నవ్వలేదు. పొద్దుట్నుంచీ వాడు కార్డు వైపు చూడడం లేదు, మీటరు వైపు చూడడం లేదు. సప్లై పెట్టె వైపు చూస్తున్నాడు. పన్నెండింటికి ఒకసారి అడిగాడు, అనుమతి వస్తే ఎంత పెడతారు మేడం అని. మూడు, సెల్లు మీద అచ్చు వేసి ఉంది కదా అన్నాను. ఊ అన్నాడు. అప్పుడు బొటనవేలు నోట్లోకి వెళ్ళింది. ఇంకా అక్కడే ఉంది. జాలి కలిగింది నాకు. రేపు నివేదికలో వాడి సంతకం కూడా ఉంటుంది, కంపెనీకి వాడు బాండు రాసిచ్చాడు, లోపలి సంగతి ఒక్క ముక్క బయటపెట్టినా ఉద్యోగం పోయి కోర్టు చుట్టూ తిరగాలి. ఉప్పు తిన్న చోటికి ఊడిగం. నేను మాత్రం వాణ్ణి ఏమనగలను.

మెకానిక్కు భార్య ఇప్పుడు కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని ఉంటుంది. మూడుసార్లు ఇక్కడికి వచ్చింది. ఇక్కడికి రాకూడదమ్మా అని చెప్పిన ప్రతిసారీ, సరేనమ్మా అని మెట్ల కింద బల్ల మీద కూర్చుంది. బట్టలు కుట్టే మనిషి, మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు నీళ్ళు అడిగి తాగి, గ్లాసు కింద పెట్టకుండానే అడిగింది. "అమ్మా, ఆ పెట్టె మాట్లాడుతుందంటగా?" మాట్లాడించే పనిలోనే ఉన్నామన్నాను. "అది మాట్లాడితే చాలమ్మా. మా ఆయన మాట ఎవరూ వినడం లేదు." నేను గ్లాసు అందుకున్నాను. లోపలికి తీసుకెళ్ళి రెండుసార్లు కడిగాను. మా ఆయన మాట ఎవరూ వినడం లేదు. వినకేం, విన్నాను. వద్దు. ఆ సంగతి ఇప్పుడొద్దు. రెండు పాయింటు సున్నా తొమ్మిది. అయ్యో, ఒకటి సున్నా దాటిపోయింది, నేను చూడనే లేదు, గ్లాసులో పడి ఉన్నాను.

యథాతథ స్థితి. ఎక్కడిది అక్కడ, ఎట్లా ఉన్నది అట్లా. మంచుగడ్డను ఎండలో పెట్టి, దీన్ని ఎవరూ ముట్టుకోకండి, యథాతథ స్థితిలో ఉంచండి అని ఉత్తర్వు రాసి కాపలా పెడితే సాయంత్రానికి ఏం కాపలా కాస్తారు, తడినా. న్యాయమూర్తి తప్పు లేదు, ఆయనకు కాగితం మీద కార్డు అనే మాట కనిపించింది, కార్డు లోపల గడియారం దిగిపోతోందని ఎవరు చెప్పాలి. నేనే చెప్పాలి. మొదటి నివేదికలోనే చెప్పాను, ఏడో పేరాలో, మర్యాదగా, సెల్లు జీవితకాలం పరిమితమైనదని గమనించగలరు అని. పరిమితమట. చచ్చిపోతోంది సార్ అని రాయాల్సింది. మనం రాసే భాషే ఇట్లా ఏడ్చింది, నిప్పు అంటుకుందని రాయడానికి ఉష్ణోగ్రత పెరిగినట్లు గమనించడమైనది అంటాం. అయినా సెల్లు ఇంత తొందరగా ఎందుకు చచ్చిపోతోంది? లిఫ్టుకు కరెంటు ఉన్నంతకాలం సెల్లు మీద భారమే పడదు. గోడలో నుంచి వచ్చే కరెంటే కార్డును పోషిస్తుంది, సెల్లు ఊరికే పక్కన కూర్చుని ఉంటుంది. కరెంటు తీసిన రోజు నుంచి దాని పని మొదలు. తీసి నలభై ఒక్క రోజులు. తీయించింది ఎవరు? ఫ్యాను చప్పుడు. కెమెరా ఎర్ర చుక్క. తీయించింది నేనే కదా. ముందు కరెంటు తీయి, తర్వాత ముట్టుకో. ఇరవై ఏళ్ళుగా శిక్షణ తరగతుల్లో బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తున్నాను, గోళ్ళరాజు కూడా ఆ తరగతిలో మొదటి బెంచీలో కూర్చుని రాసుకున్నవాడే. కంప్యూటరు గానీ ఏది గానీ, కరెంటు ఉంటే ఎవడో దూరం నుంచి చెరిపేస్తాడు, అందుకని ముందు తీగ పీకు. మంచి సూత్రం. వందల కేసుల్లో నిలబెట్టిన సూత్రం. ఈ ఒక్క వస్తువుకు మాత్రం అదే విషం.

"మేడం," అన్నాడు గోళ్ళరాజు. ఉలిక్కిపడ్డాను. ఏం లేదు, కాస్త ఫ్యాను తగ్గించుకోవచ్చా అని. తగ్గించుకో అన్నాను. లేచి తగ్గించి వచ్చి కూర్చున్నాడు. అది కాదు వాడు అడగాలనుకున్నది. నాకు తెలుసు వీడి సంగతి. ఒకప్పుడు ఒక నివేదికలో నేను ఒక హార్డ్ డిస్కు నంబరు తప్పు రాశాను, మూడుకు బదులు ఎనిమిది. వాడు చూశాడు. చూసి మాట్లాడలేదు, రెండు రోజులు గోళ్ళు కొరికాడు, రక్తం వచ్చిందాకా కొరికాడు, లక్క బాబాయి దూది తెచ్చి కట్టాడు. కోర్టులో ఆ తప్పు బయటపడి, ఇంత అనుభవం ఉండి నంబరు రాయడం రాదా అని నిండు సభలో నాకు మొట్టికాయ పడింది. చెప్పచ్చు కదరా అంటే, మీరు పెద్దవారు కదక్కా, మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నా అన్నాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. సరే, నువ్వు చెప్పకపోతే నేనే అడుగుతాను, అడిగినప్పుడైనా చెప్పు అన్నాను. తర్వాత ఏ నివేదికైనా సంతకం పెట్టే ముందు వాడి చేతి వైపు చూసేదాన్ని. గోరు నోట్లో ఉంటే ఆపేసి అడిగేదాన్ని. అట్లా ఎన్ని తప్పులు దొరికాయో. తప్పు చూస్తే నోరు మెదపడు, గోరు కొరుకుతాడు. ఇప్పుడు ఏం తప్పు చూశాడు? ఏం లేదు, కంపెనీ భయం. అంతే అయ్యుంటుంది.

ఫోను మోగింది. రెండు సున్నా ఆరు దగ్గర మోగింది. ఎత్తేసరికి పీపీ గారి గొంతు వెనకాల కోర్టు వరండా గోల, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. అమ్మా, ఇవాళ లేదు అన్నారు. లేదంటే? అవతలి లాయరు గారికి ఒంట్లో బాగోలేదని జూనియరు వచ్చి వాయిదా అడిగాడట, సోమవారానికి వేశారట. ఒంట్లో బాగోలేని ఆ మహానుభావుణ్ణి పీపీ గారు గంట కిందట క్యాంటీనులో చూశారట. సోమవారం దాకా ఆగుతుందా అని ఆయన అడిగారు. సోమవారమా సార్, సాయంత్రం దాకా ఆగదు అన్నాను. ఒక నిట్టూర్పు వినిపించింది. "నేనేం చెప్పలేనమ్మా. కలపమని చెబితే ఉత్తర్వు ధిక్కరించమన్నట్టు. కలపొద్దంటే..." కలిపితే ఏమవుతుంది సార్ అని నేనే అడిగాను. నీ మీద ధిక్కారం కింద నోటీసు రావచ్చు, నీ ఉద్యోగం ఇరకాటంలో పడచ్చు, ఆ పైన ముట్టుకున్నారు కాబట్టి ఈ సాక్ష్యమే చెల్లదని వాళ్ళు వాదించచ్చు అన్నారు. కలపకపోతే? కలపకపోతే నిన్ను ఎవరూ ఏమీ అనరమ్మా అన్నారు. ఆ మాట ఎంత మెత్తగా అన్నారో. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఫోను పెట్టేశాను.

ఎవరూ ఏమీ అనరు. అదే నిజం. సెల్లు చచ్చిపోయింది, కోర్టు వాయిదా వేసింది, కంపెనీ ఒప్పుకోలేదు, చట్టం అడ్డొచ్చింది, నేను ఏడో పేరాలో రాశాను కూడా. అందరి చేతులూ శుభ్రం. నా చేయి? కరెంటు తీయించిన ఆ రోజు నా చేయి ఎంగిలి చేయి. మధ్యాహ్నం, ఇదే గదికి పక్క గదిలో, డబ్బా తెరిచి రెండు ముద్దలు తిన్నాను, అప్పుడు ఫోను. ఎడమ చేత్తో ఎత్తాను. ఇన్‌స్పెక్టరు. మేడం, లిఫ్టు మిషను గదిలో ఉన్నాం, కార్డు మీద చిన్న పచ్చ లైటు వెలుగుతోంది, ఏం చేయమంటారు. నేనింకా నములుతూనే ఉన్నాను. ముందు కరెంటు తీసేయండి అన్నాను. వెనకాల గోల. గోల అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను, గోల కాదది, మాటలు. విడివిడిగా, స్పష్టంగా వినిపించిన మాటలు. "పవర్ తీయొద్దు సార్! అందులో సెల్లు చచ్చింది, నేను మూడుసార్లు రాసిచ్చా, తీస్తే మొత్తం పోతుంది సార్, తీయొద్దు!" ఎవరది, అరుస్తున్నది అని నేను అడిగాను. ఆ మెకానిక్కే మేడం, పట్టుకొచ్చాం, ఏదో వాగుతున్నాడు అన్నాడు ఇన్‌స్పెక్టరు. సరే, పీకేయండి అన్నాను నేను. పీకేయండి. ఆ తర్వాత ఇంకో ముద్ద తిన్నాను. అది కూడా గుర్తుంది. తప్పు చేసినవాడు తన తప్పు దాచిన పెట్టెను కాపాడండని అరుస్తాడా? అంత చిన్న ఆలోచన ఆ పూట నాకు రాలేదు. సర్వీసు పుస్తకంలో మూడు చోట్ల అతని దస్తూరీ, కార్డు సెల్లు మార్చాలి, కార్డు సెల్లు మార్చాలి, కార్డు సెల్లు మార్చాలి, వచ్చేసారి చూద్దామని పక్కన కంపెనీ వాళ్ళ సంతకం. అది వారం తర్వాత చూశాను. చూసి పుస్తకం మూసి లక్క బాబాయికి ఇచ్చాను, ఆయన ముద్ర వేశాడు. ఆ రోజు వచ్చిన ఫోను గురించి రిజిస్టరులో ఏం రాశాను? ఫోను ద్వారా తగు సూచనలు ఇవ్వడమైనది. తగు సూచనలు. నలభై ఒక్క రోజులుగా ఆ మాట గొంతులో ముల్లులా ఉంది. దాని మీదే నీళ్ళు తాగుతున్నాను.

రెండు సున్నా నాలుగు. లేచాను. కుర్చీ చప్పుడుకు గోళ్ళరాజు తలెత్తాడు. రిజిస్టరు ముందుకు లాక్కుని టైము వేసి రాశాను, యథాతథ స్థితి నిలబడాలంటే కరెంటు కలపడం తప్ప దారి లేదని నా నిర్ణయం, దీనికి నేనే బాధ్యురాలిని. కెమెరా వైపు తిరిగి అదే పైకి చదివాను. ఎర్ర క్లిప్పు ఎర్ర తీగ పక్కన, నల్ల క్లిప్పు నల్ల తీగ పక్కన. పని తెలిసిన వేళ్ళు, వాటి చోటు వాటికి దొరికింది. ఇక మీట నొక్కడమే.

"అక్కా," అన్నాడు వాడు. కెమెరా ఉందని మరిచిపోయాడు. "నేను అభ్యంతరం చెప్పాలి."

"చెప్పు. అటు తిరిగి చెప్పు, నాకు కాదు."

లేచి నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు కెమెరాకు చెప్పాడు. ఉత్తర్వుకు విరుద్ధంగా బయటి కరెంటు కలుపుతున్నారు, కంపెనీ తరఫున నా అభ్యంతరం నమోదు చేయాలి. నమోదు చేశాను, వాడు అన్నది అన్నట్టు. కూర్చున్నాడు. రెండు సున్నా రెండు. సప్లై పెట్టె మీద మూడు అని ఎర్రగా వెలుగుతోంది. మీట మీద వేలు పెట్టాను. ఎందుకో వాడి చేతి వైపు చూశాను. బొటనవేలు నోట్లో ఉంది. గోరు అయిపోయింది, చర్మం కొరుకుతున్నాడు. అభ్యంతరం చెప్పేశాడు కదా, ఇంకా దేనికి? భయం అయితే నన్ను చూడాలి, కెమెరాను చూడాలి. వాడు ఆ మూడు వంకే చూస్తున్నాడు. వెనకాల గోల. ఇన్నాళ్ళకు మళ్ళీ అదే గోల, ఈసారి నోరు లేని గోల. వేలు మీట మీద నుంచి తీయలేదు, నొక్కలేదు.

"చెప్పరా. అడుగుతున్నా."

"బాండు రాశానక్కా."

"తెలుసు. తెలిసే అడుగుతున్నా."

రెండు సున్నా ఒకటి. వాడి నుదుటి మీద చెమట. కెమెరా ఎర్ర చుక్క రెప్ప వేయకుండా చూస్తోంది, వాడూ దాని వైపే చూశాడు ఒకసారి, లెక్క చూసుకునే మనిషిలా, తర్వాత ఇటు తిరిగాడు. నేను ఇంకో మాట అనలేదు. అడిగాక ఊరుకోవాలి. ఆ రోజు అడిగాను గానీ ఊరుకోలేదు.

"మూడు పెట్టకు," అన్నాడు. "రెండు ఏడు దాటితే కొత్త సెల్లు వేశారనుకుంటుంది. పాతదంతా తుడిచేసి మొదట్నుంచీ మొదలుపెడుతుంది. రెండున్నర పెట్టక్కా."

నా చేతికి అది అర్థమయ్యాకే నాకు అర్థమైంది. సప్లై పెట్టె మర తిప్పుతున్నాను. రెండు ఎనిమిది, రెండు ఆరు, దాటిపోయి రెండు నాలుగు, వెనక్కి, రెండు ఐదు. నొక్కాను. మీటరులో అంకె ఒక్క గంతు వేసి రెండు పాయింటు ఐదు సున్నా దగ్గర నిలబడింది. చూస్తూ ఉన్నాను. ఊగలేదు. గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది. పదిహేను సెకన్ల కిందట నేను మూడు మీద నొక్కి ఉంటే, నేనే, నా చేత్తోనే, రెండోసారి, ఈసారి కెమెరా ముందు. కూర్చున్నాను. చిట్టా బతికింది. చదవనిస్తారో లేదో, చెల్లుతుందంటారో లేదో అది సోమవారం సంగతి, ఆ తర్వాత సోమవారాల సంగతి.

కలం తీసుకుని టైము వేశాను. కలిపిన వోల్టు రాశాను. మూడు నుంచి ఎందుకు తగ్గించానో ఆ కారణం రాయాలి. కలం ఆగింది. వాడు అది చూశాడు.

"రాసెయ్యక్కా. ఎవరు చెప్పారో కూడా రాయి. ఎలాగూ ఇందులో పడింది," అని కెమెరా వైపు గడ్డం ఎత్తి చూపించాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. రాశాను, వాడి పేరు, వాడి మాట. వాడు సంతకం పెట్టాడు, వేలి రక్తం కాగితానికి కొంచెం అంటింది. లక్క బాబాయిని పిలిచాను సాక్షి సంతకానికి. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క అక్షరం పలుకుతూ చదివి, గోళ్ళరాజు నెత్తి మీద చేయి వేసి, సంతకం పెట్టాడు. పెట్టి రిజిస్టరు మూయబోయాడు. ఉండు బాబాయ్, ఇంకొకటి ఉంది అన్నాను. ఇంకేముందమ్మా, అయిపోయిందిగా అన్నాడు. నలభై ఒక్క రోజుల కిందటిది ఒకటి రాయకుండా ఉండిపోయింది అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. ముద్ర వేసేవాడు, మూసిన వాటి బరువు తెలిసినవాడు. "ఇప్పుడు రాస్తే అది ఎవరికి చెడ్డమ్మా?"

"నాకే."

కలం అందించాడు. ఇవాళ్టి తేదీ వేసి, కింద, గమ్ము ఆరినట్టు గట్టిపడిన ఆ మాటలను ఒక్కొక్కటే ఊడదీసి పెట్టాను. స్వాధీనం చేసుకున్న రోజున మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు నాకు ఫోను చేసినప్పుడు, వెనక నుంచి ఒక మనిషి పవర్ తీయవద్దని, సెల్లు చచ్చిందని, మూడుసార్లు రాసిచ్చానని, తీస్తే మొత్తం పోతుందని అరవడం నేను స్పష్టంగా విన్నాను. ఎవరది, అరుస్తున్నది అని అడిగాను. మెకానిక్కని చెప్పారు. విన్న తర్వాత కూడా తీసేయమన్నది నేనే.